బూట్ దగ్గర ఎవరి కుంపటి వాళ్లదే మేలు

ఒకే లాప్‌టాప్‌లో విండోస్ 11, దాంతోపాటు ఉబుంటు, ఫెడోరా అనే రెండు లినక్స్‌లు, మొత్తం మూడూ పెట్టుకునేవాళ్లు సాధారణంగా ఎక్కడ ఆగిపోతారంటే, గ్రబ్, అంటే మెషీన్ ఆన్ అవగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ని (ఓఎస్) లేపే లోడర్, దాని మెనూలో మూడు పేర్లూ కనపడగానే. హమ్మయ్య అనుకుని వదిలేస్తారు. ఆ రోజుకి బాగానే ఉంటుంది. కొన్ని వారాలకు ఫెడోరా కొత్త కెర్నెల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి ఫైలు) తెచ్చుకుంటుంది. మెనూ మాత్రం ఉబుంటుది, దానికి ఆ సంగతి తెలియదు, పాత కెర్నెల్‌నే చూపిస్తుంది. ఇంకో రెండు మూడు అప్‌డేట్లయ్యాక ఫెడోరా ఆ పాత కెర్నెల్‌ని తీసేస్తుంది. మెనూలో పేరు మిగులుతుంది, డిస్క్ మీద ఫైలు ఉండదు. ఎంటర్ నొక్కితే 'ఫైలు లేదు', దాని కింద 'ముందు కెర్నెల్‌ని లోడ్ చెయ్యండి' అని రెండు ముక్కలు. ఫెడోరా చెడిపోయిందనుకుని మొత్తం మళ్లీ ఎక్కించేవాళ్లున్నారు. నిజానికి ఫెడోరాకి ఏమీ కాలేదు, పక్కింటివాడి చేతిలో ఉన్న తాళంచెవి పాతబడింది, అంతే.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగమయ్యాయి. ఏ ఓఎస్ లేవాలన్నది ఒకటి. ఆ ఓఎస్‌లో ఏ కెర్నెల్ లేవాలన్నది ఇంకొకటి. మొదటిది మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్ తేల్చాలి, రెండోది ఆ ఓఎస్ సొంత లోడర్ తేల్చాలి. రెండూ కలిపి ఒక్క గ్రబ్ నెత్తిన పెట్టడం బయోస్ అనే పాత ఫర్మ్‌వేర్ కాలం నాటి అలవాటు. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ మెషీన్ల మీద ఆ అలవాటుకి ఇంకా కారణం ఉందని నేననుకోను.

బయోస్ రోజుల్లో గత్యంతరం లేదన్నది నిజమే. డిస్క్‌లో మొదటి సెక్టారు 512 బైట్లు. పార్టిషన్ పట్టికకి 64, చివరి సంతకానికి 2 పోగా బూట్ కోడ్‌కి దక్కేది 446 బైట్లు. ఆ కుర్చీ ఒక్కటే, ఎవరు చివర్లో కూర్చుంటే వాళ్లదే పెత్తనం. విండోస్ మళ్లీ ఎక్కిస్తే గ్రబ్ చెరిగిపోయేది అందుకే. అంతకు ముందున్న లిలో అనే లోడర్ ఇంకా మొండిది. కెర్నెల్ ఫైలు డిస్క్‌లో ఏ బ్లాకుల్లో ఉందో అంకెలుగా రాసిపెట్టుకునేది, కెర్నెల్ మార్చాక లిలో ఆదేశం మళ్లీ నడపడం మరిచిపోతే మెషీన్ లేచేది కాదు. దాని అభివృద్ధి 2015 డిసెంబరుతో ఆగింది.

యూఈఎఫ్ఐలో ఆ ఒంటి కుర్చీ గొడవ లేదు. డిస్క్‌మీద ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్ ఉంటుంది. అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల ఎవరి ఫోల్డర్ వాళ్లకి: మైక్రోసాఫ్ట్, ఉబుంటు, ఫెడోరా. ఇవి కాక బూట్ అనే ఇంకో ఫోల్డర్. ఏ పేరూ నమోదై లేనప్పుడు ఫర్మ్‌వేర్ చివరి ఆశగా వెతికే లోడర్ అందులో ఉంటుంది. మదర్‌బోర్డు ఎన్‌వీరామ్‌లో (కరెంటు పోయినా చెరగని చిన్న మెమరీ) బూట్0000, బూట్0003 లాంటి నాలుగంకెల ఎంట్రీలు ఈ ఫోల్డర్లలోని ఫైళ్లను చూపిస్తాయి, బూట్‌ఆర్డర్ అనే వరుస ఎవరు ముందో చెబుతుంది. అంటే మెనూ ముందే ఉంది. డెల్, లెనోవో లాప్‌టాప్‌ల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్‌ల్లో ఎస్కేప్ నొక్కితే కనపడేది అదే. ఏసర్‌లో ఎఫ్12 మెనూని సెటప్‌లోకి వెళ్లి ముందు ఆన్ చెయ్యాల్సి రావచ్చు.

పక్క ఓఎస్‌లను వెతికి గ్రబ్ మెనూలో చేర్చే ఓఎస్-ప్రోబర్ అనే స్క్రిప్ట్ సంగతికొద్దాం. అది డిస్క్‌లోని పార్టిషన్లన్నిటినీ తెరిచి, దొరికిన లినక్స్ తాలూకు గ్రబ్ కాన్ఫిగ్ చదివి, అందులోని కెర్నెల్ వరుసలను తన మెనూలోకి కాపీ కొడుతుంది. పార్టిషన్లను అలా తెరవడం భద్రతకి మంచిది కాదని 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి దీన్ని మొదట్లోనే ఆఫ్‌లో ఉంచుతున్నారు. వెబ్‌లో దొరికే సలహా మాత్రం ఒక్కటే: గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని రాసి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. విండోస్‌కి ఇది పర్వాలేదు. ఎందుకంటే విండోస్ విషయంలో ప్రోబర్ రాసేది కెర్నెల్ వరుస కాదు, మైక్రోసాఫ్ట్ బూట్ మేనేజర్ ఫైలు దారి. ఆ దారి మారదు. ఇంకో లినక్స్ దొరికినప్పుడే తంటా.

సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న లోడర్లనీ కెర్నెళ్లనీ మాత్రమే లేవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఆ తంటా ముదురుతుంది. షిమ్ అంటే గ్రబ్ కంటే ముందు లేచి సంతకాలు సరిచూసే చిన్న లోడర్. ఉబుంటు షిమ్ నమ్మేది ఉబుంటు కంపెనీ కెనానికల్ తాళాన్ని, ఫెడోరా కెర్నెల్ మీద ఉన్నది ఫెడోరా సంతకం. కాబట్టి ఉబుంటు గ్రబ్ నుంచి ఫెడోరా కెర్నెల్‌ని నేరుగా లేపబోతే 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అంటుంది. ఇది బగ్ కాదు, సెక్యూర్ బూట్ చెయ్యాల్సిన పనే చేస్తోంది. దీనికి జనం చేసే వైద్యం సెక్యూర్ బూట్ తీసెయ్యడం. ఫెడోరా సొంత షిమ్ ద్వారా వెళ్తే ఆ అవసరమే రాదు. పైగా ఫెడోరా 30 నుంచి ఆ గ్రబ్ కాన్ఫిగ్‌లో కెర్నెల్ వరుసలే ఉండవు. ఒక్కో కెర్నెల్‌కీ బూట్ కింద లోడర్, దాని కింద ఎంట్రీస్ ఫోల్డర్‌లో ఒక చిన్న కాన్ఫ్ ఫైలు ఉంటుంది. పక్క ఓఎస్ గ్రబ్ వచ్చి దాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటుందని ఆశపడటం అత్యాశ.

ఒకే లోడర్ మీద బతకడం ఎంత ప్రమాదమో జనానికి గుర్తుండాల్సిన రోజులు రెండున్నాయి. 2022 ఆగస్టులో ఆర్చ్ అనే లినక్స్‌లో గ్రబ్ ప్యాకేజీ మారింది. కొత్త ప్యాకేజీ రాసిన కాన్ఫిగ్‌లో కొత్త ఆదేశం ఉంది, ఈఎస్‌పీలో ఉన్న లోడర్ పాతది. ప్యాకేజీ అప్‌డేట్ గ్రబ్-ఇన్‌స్టాల్‌ని నడపదు కాబట్టి రెండిటికీ పొసగక చాలా మెషీన్లు లేవలేదు. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లను నిషేధించింది. రెండు ఓఎస్‌లున్న మెషీన్లకు ఇది వర్తించదని మైక్రోసాఫ్ట్ ముందు చెప్పింది, వర్తించింది. 'షిమ్ ఎస్‌బ్యాట్ డేటా సరిచూడటం విఫలమైంది' అన్న సందేశంతో లినక్స్‌లు ఆగిపోయాయి. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా తీసి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే ఆదేశంతో ఎస్‌బ్యాట్ (నిషేధించిన పాత లోడర్ల లెక్క) పాలసీని డిలీట్‌కి మార్చి, రీబూట్ చేసి, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టాల్సి వచ్చింది. ఎవరి దారి వాళ్లకి ఉన్నా పాత షిమ్ ఉన్న లినక్స్ ఆ రోజు లేచేది కాదు, ఒప్పుకుంటాను. కొత్త షిమ్ ఉన్నది మాత్రం లేచేది. మెనూ మొత్తం పాత షిమ్ వెనకాలే ఉన్నవాళ్లకి ఆ అవకాశమే లేకుండా పోయింది.

ఇక చేసే పద్ధతి. ముందు విండోస్, తర్వాత లినక్స్‌లు. విండోస్ ఇన్‌స్టాలర్ తనంతట తాను ఈఎస్‌పీకి 100 ఎంబీ ఇస్తుంది. లోడర్లు మాత్రమే పెడితే అది చాలు, షిమ్, గ్రబ్ కలిపినా కొద్ది ఎంబీలే. కానీ గ్రబ్ బదులు సిస్టండీ-బూట్ అనే లోడర్ వాడాలనుకుంటే కెర్నెళ్లు కూడా ఫర్మ్‌వేర్ చదవగల ఫ్యాట్ పార్టిషన్‌లోనే ఉండాలి. కెర్నెల్‌తోపాటు లేచి ఓఎస్ ఉన్న పార్టిషన్‌ని వెతికిపెట్టే ఇనిట్‌ఆర్‌డీ ఫైలు ఒక్కటే 60 నుంచి 100 ఎంబీ దాటిపోయే ఈ రోజుల్లో 100 ఎంబీ ఏ మూలకి? తర్వాత పెంచుదామంటే కుదరదు, దాని పక్కనే 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్, ఆ పక్కన సీ డ్రైవ్ అడ్డంగా ఉంటాయి. అందుకని ఖాళీ డిస్క్‌మీద విండోస్ ఎక్కించేటప్పుడే, ఇన్‌స్టాలర్ తెరమీద షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, డిస్క్‌పార్ట్‌లో 1024 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి ఫ్యాట్32 ఫార్మాట్ కొట్టండి. విండోస్ దాన్నే వాడుకుంటుంది. ఆ అవకాశం దాటిపోయినవాళ్లు అదే డిస్క్‌మీద కెర్నెళ్ల కోసం 1 జీబీ ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ పార్టిషన్ పెట్టుకోవచ్చు, జీడిస్క్ అనే పార్టిషన్ టూల్‌లో దాని కోడ్ ఈఏ00. ఈఎస్‌పీ ఉన్న డిస్క్‌మీదే ఉండాలన్న షరతు మరవొద్దు, వేరే డిస్క్‌మీద పెడితే సిస్టండీ-బూట్ చూడదు.

లినక్స్ ఇన్‌స్టాలర్లో పాత ఈఎస్‌పీని ఎంచుకుని 'ఫార్మాట్' టిక్ తీసెయ్యండి. ఈ ఒక్క టిక్ వల్ల విండోస్ లోడర్ పోగొట్టుకున్నవాళ్లు కొల్లలు. ఉబుంటు తన ఫోల్డర్లో తను, ఫెడోరా తన ఫోల్డర్లో తను కూర్చుంటాయి. రెండూ అయ్యాక లినక్స్ టెర్మినల్లో ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అని కొడితే ఎంట్రీలు, వరుస కనపడతాయి. విండోస్ 0000, ఉబుంటు 0003, ఫెడోరా 0004 అనుకుందాం. వరుస మార్చడానికి -ఓ పెట్టి 0003,0000,0004 అని ఇవ్వాలి. ఒక్కసారికి మాత్రమే విండోస్‌లోకి వెళ్లాలంటే -ఎన్ పెట్టి 0000 ఇచ్చి రీబూట్ చెయ్యాలి. అది బూట్‌నెక్స్ట్ అనే గడిలో పడుతుంది, ఫర్మ్‌వేర్ దాన్ని ఒకసారి వాడి చెరిపేస్తుంది. విండోస్ వైపు నుంచి రావాలంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి 'డివైస్ వాడు' అన్నచోట ఉబుంటుని ఎంచుకోవచ్చు.

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉన్నవాళ్లకి ఈ దారి ఇంకా ముఖ్యం. టీపీఎం అనే భద్రతా చిప్ బూట్‌లో ఏ ఏ లోడర్ నడిచిందో కొలతలు తీసి పెట్టుకుంటుంది. గ్రబ్ మీదుగా విండోస్‌ని లేపితే మధ్యలో కొత్త మనిషి కనపడ్డాడని 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. బూట్‌నెక్స్ట్‌తో వెళ్తే విండోస్ లోడర్ నేరుగా ఫర్మ్‌వేర్ చేతిలోంచి లేస్తుంది, ఆ పేచీ రాదు. సిస్టండీ-బూట్ రాసినవాళ్లు కూడా చివరికి ఈ దారికే వచ్చారు. దాని కాన్ఫిగ్‌లో రీబూట్-ఫర్-బిట్‌లాకర్ అనే వరుస చేసే పని బూట్‌నెక్స్ట్ రాసి మెషీన్‌ని రీబూట్ చెయ్యడమే. ఏదేమైనా డిస్క్ ముట్టుకునే ముందు ఆ 48 అంకెలూ కాగితం మీద రాసిపెట్టుకోండి, ఆ లాప్‌టాప్‌లోనే ఫైలుగా దాచుకుంటే ఉపయోగం లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపాలి, పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ చాలు. లేకపోతే షట్‌డౌన్ అనుకున్నది సగం హైబర్నేషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ని లినక్స్ రాయడానికి తెరవదు.

అభ్యంతరం ఒకటి న్యాయమైనదే. బూట్ అవుతున్న రెండు సెకన్లలో ఎఫ్12 అందుకోవడం విసుగు, బ్లూటూత్ కీబోర్డయితే అసలు అందదు, ఇంట్లోవాళ్లకి నేర్పలేం. అలాంటప్పుడు మెనూ పెట్టుకోండి, కానీ అందులో పక్క ఓఎస్ కెర్నెల్ పేరు రాయకండి, లోడర్ పేరు రాయండి. బొమ్మల మెనూ కావాలంటే రెఫైండ్ ఉంది. అది ఈఎస్‌పీలో ఉన్న లోడర్లను తనే వెతికి చూపిస్తుంది. గ్రబ్‌లోనే కావాలంటే 40_కస్టమ్ ఫైల్లో నాలుగు వరుసలు: మెనూఎంట్రీ పేరు, ఈఎస్‌పీ యూయూఐడీతో (పార్టిషన్‌కుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) సెర్చ్, చెయిన్‌లోడర్ అని రాసి ఫెడోరా ఫోల్డర్‌లోని షిమ్ ఫైలు దారి, మూసే బ్రాకెట్. ఫెడోరా ఎన్ని కెర్నెళ్లు మార్చినా ఆ దారి మారదు, మీరు మళ్లీ వేలు పెట్టనక్కర్లేదు. ఆ పేర్లు తెలుగులో రాసుకోవాలన్న సరదా ఉంటే మానుకోండి, గ్రబ్‌కి ఒత్తులు కలపడం రాదు, అక్షరాలు విడివిడిగా చెల్లాచెదురుగా పడతాయి.

కొన్ని చవక లాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ బూట్‌ఆర్డర్‌ని లెక్కచెయ్యదు, ఎప్పుడూ విండోస్‌నే ముందుకు తోస్తుంది. అక్కడ విండోస్ బూట్ మేనేజర్ ఫైలు పేరు మార్చి ఆ స్థానంలో గ్రబ్ పెట్టమనే సలహా దొరుకుతుంది. వద్దు. ఆ ఫైలుని విండోస్ అప్‌డేట్ ఎప్పుడైనా మళ్లీ రాసేస్తుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఏ కెర్నెల్. ఉబుంటులో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైలు తెరిచి మెనూ కనపడేలా టైమ్‌అవుట్_స్టైల్‌ని మెనూకి, టైమ్‌అవుట్‌ని 3కి మార్చండి. ఒకసారి బూట్ మధ్యలో ఆగిందంటే మర్నాడు 3 బదులు 30 సెకన్లు మెనూ నిలబడుతుంది. అది రికార్డ్‌ఫెయిల్ అనే వేరే లెక్క, దానికి వేరే టైమ్‌అవుట్ వరుస ఉంది. ఇక్కడ ఎక్కువమంది కాలుజారేది డిఫాల్ట్ దగ్గర. పాత కెర్నెల్ మీద నిలబడాలని గ్రబ్_డిఫాల్ట్‌లో "1>2" అని రాస్తారు. అంటే సున్నా నుంచి లెక్కపెడితే ఒకటో ఎంట్రీ అయిన సబ్‌మెనూలో రెండోది. కొత్త కెర్నెల్ రాగానే అది పైన చేరుతుంది, అందరూ కిందికి జరుగుతారు, మీ "1>2" ఇంకెవరినో చూపిస్తుంది. సంఖ్యల బదులు సబ్‌మెనూ ఐడీ, ఆ ఎంట్రీ ఐడీ మధ్యలో అదే గుర్తుతో రాయండి. గ్రబ్ కాన్ఫిగ్‌లో సబ్‌మెనూ, మెనూఎంట్రీ వరుసల చివర గ్నూలినక్స్ అని మొదలయ్యేవి అవే.

కొత్త కెర్నెల్‌ని పరీక్షించడానికి ఉన్న పద్ధతి వాడేవాళ్లు తక్కువ. డిఫాల్ట్‌ని సేవ్డ్ అని పెట్టి, గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో పనిచేస్తున్న కెర్నెల్‌ని ఖాయం చేసి, గ్రబ్-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి పంపాలి. కెర్నెల్ ఆప్షన్లలో పానిక్=10 చేర్చాలి. పానిక్ అయితే, అంటే కెర్నెల్ కుప్పకూలితే, 10 సెకన్లకి మెషీన్ తనే రీబూట్ అయి పాత కెర్నెల్‌కి తిరిగొస్తుంది. ఫెడోరాలో అయితే ఎమర్జెన్సీ షెల్ దగ్గర ఆగిపోకుండా ఆర్‌డీ.ఎమర్జెన్సీ=రీబూట్ కూడా జోడించాలి. మనిషి దగ్గర లేని సర్వర్లో కెర్నెల్ మార్చేటప్పుడు ఇదే ధైర్యం. కానీ ఒక కిటుకుంది. 'ఒక్కసారికి' అన్న గుర్తు గ్రబ్‌ఎన్వ్ అనే 1024 బైట్ల ఫైల్లో ఉంటుంది, బూట్ సమయంలో దాన్ని చెరపాల్సింది గ్రబ్. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ మీద, ఎల్‌వీఎం (డిస్క్ చోటుని కలిపి పంచే పద్ధతి) మీద గ్రబ్ చదవగలదు, రాయలేదు. బూట్ ఫోల్డర్ అక్కడుంటే గుర్తు చెరగదు. చెడ్డ కెర్నెల్‌లోకే మళ్లీ మళ్లీ వెళ్లి పానిక్ అవుతూ మెషీన్ గానుగెద్దులా తిరుగుతుంది. 'స్పార్స్ ఫైల్ నాట్ అలౌడ్' అన్న వరుస మెనూకి ముందు కనపడుతోందంటే మీది ఆ బాపతే. బూట్‌కి వేరుగా 1 జీబీ ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ఇస్తే తీరిపోతుంది. ఫెడోరా ఇన్‌స్టాలర్ రూట్‌ని బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టినా బూట్‌ని ఈఎక్స్‌టీ4లో విడిగా పెట్టేది ఊరికే కాదు.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది సిస్టండీ-బూట్ లెక్కింపు. ఎంట్రీ ఫైలు పేరు చివర, కాన్ఫ్‌కి ముందు, +3 అని ఉంటే మూడు అవకాశాలన్నమాట. మెషీన్ ఆ కెర్నెల్‌తో ఒకసారి ప్రయత్నించగానే లోడర్ ఆ పేరునే +2-1గా మారుస్తుంది, తర్వాత +1-2, తర్వాత +0-3. సున్నాకి వచ్చిన ఎంట్రీని జాబితాలో అడుగుకి నెట్టి పాతదాన్ని లేపుతుంది. బూట్ సక్రమంగా పూర్తయితే సిస్టండీ ఆ తోకని కత్తిరించేస్తుంది. వేరే డేటాబేస్ లేదు, ఎన్వ్ ఫైలు లేదు, ఫైలు పేరే చరిత్ర.

ఎన్ని కెర్నెళ్లు ఉంచాలి? ఇప్పుడు నడుస్తున్నది, దానికి ముందు బాగా నడిచినది, కొత్తగా వచ్చినది. మూడు చాలు. ఫెడోరాలో ప్యాకేజీలు ఎక్కించే డీఎన్‌ఎఫ్ కాన్ఫ్‌లోని ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్ డిఫాల్ట్‌గానే 3. ఆర్చ్‌లో పాత కెర్నెల్ మిగలదు. అప్‌డేట్ అవగానే నడుస్తున్న కెర్నెల్ మాడ్యూళ్లు కూడా డిస్క్‌మీంచి పోతాయి, రీబూట్ చేసేదాకా కొత్తగా గుచ్చిన పెన్‌డ్రైవ్ కూడా కనపడకపోవచ్చు. అందుకే అక్కడ లినక్స్-ఎల్‌టీఎస్ అనే రెండో కెర్నెల్‌ని పక్కన పెట్టుకోవడం తప్పనిసరి అంటాను. ఈ విషయంలో ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్‌ది పెద్దమనిషి తరహా. ఇన్‌స్టాల్‌కెర్నెల్ పాతదాన్ని కెర్నెల్.ఓల్డ్ అన్న ఫోల్డర్‌కి జరిపి ఉంచుతుంది, దాని లోడర్ మెనూలోనే ఎంచుకోవచ్చు, నెక్స్ట్‌బూట్ -కే తో ఒక్కసారికి పంపొచ్చు.

విడిగా ఉన్న బూట్ పార్టిషన్ నిండిపోవడం ఉబుంటులో తరచూ వచ్చే జబ్బు. ఇనిట్‌ఆర్‌డీ సగం రాసి చోటు అయిపోతుంది, ఆ సగం ఫైలుతోనే మర్నాడు బూట్. తెరమీద 'రూట్ ఎఫ్‌ఎస్‌ని మౌంట్ చెయ్యలేకపోయాను, అన్‌నోన్-బ్లాక్ 0,0' అని వస్తే సాధారణంగా అర్థం ఇనిట్‌ఆర్‌డీ లేదనో, చెడిందనో. రూట్ (ఓఎస్ ఉన్న పార్టిషన్) యూయూఐడీ కెర్నెల్‌కి సొంతంగా తెలియదు, దాన్ని వెతికేది ఇనిట్‌ఆర్‌డీ. ఈ రెండు రకాల ఐడీల్లో కెర్నెల్‌కి తనంతట తెలిసేది పార్టిషన్ పట్టికలో ఉండే పార్ట్‌యూయూఐడీ మాత్రమే. పాత కెర్నెల్‌తో లేచి, యూనేమ్ -ఆర్ కొట్టి ఏది నడుస్తోందో చూసుకుని, మిగతావాటిలో పాతదాన్ని ఏపీటీ పర్జ్‌తో తియ్యండి. ఆర్‌ఎమ్‌తో ఫైళ్లు చెరిపితే ప్యాకేజీ లెక్కల్లో అది అలాగే ఉండి, తర్వాతి అప్‌డేట్‌లో దాని ఇనిట్‌ఆర్‌డీని మళ్లీ తయారుచెయ్యబోయి మొరాయిస్తుంది.

ఏ ఓఎస్‌నైనా వదిలించుకునేటప్పుడు కూడా కుంపట్లు వేరుగా ఉండటం కలిసొస్తుంది. విండోస్‌లో కూర్చుని ఉబుంటు పార్టిషన్ డిలీట్ కొడితే ఈఎస్‌పీలో ఉబుంటు గ్రబ్ మిగిలే ఉంటుంది. అక్కడున్న చిన్న కాన్ఫిగ్ ఫైలు, ఇప్పుడు లేని పార్టిషన్ యూయూఐడీ కోసం వెతికి, దొరక్క, నల్లతెర మీద గ్రబ్ ప్రాంప్ట్ ఇచ్చి ఊరుకుంటుంది. మెనూ మొత్తం దాని చేతిలోనే ఉంటే ఫెడోరా కూడా దాంతోపాటే మాయమైనట్టు కనపడుతుంది. వేరుగా ఉంటే ఎఫ్12లో ఫెడోరాని ఎంచుకుని లేపి, ముందు ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్‌కి -బీ 0003 -బీ ఇవ్వండి, మొదటిది చిన్న బీ, రెండోది పెద్ద బీ. తర్వాత ఈఎస్‌పీలో ఉబుంటు ఫోల్డర్ చెరపండి. బూట్ అనే ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోకండి.